డెంప్‌స్టర్ హైవే మీద కాన్వాయ్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడా ఉత్తరాన డెంప్‌స్టర్ హైవే మీద నాలుగైదు బండ్లు కలిసి వెళ్లే కాన్వాయ్‌లో చేరబోయేవాళ్ల కోసం, ఇంట్లో కూర్చుని మ్యాప్ మీద వాళ్ల జాడ చూసేవాళ్ల కోసం ఈ పేజీ. ఇంట్లో ఉండి చూసేవాళ్లు నేరుగా చివరి ప్రశ్నలకు వెళ్లిపోవచ్చు.

ఈ రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

యూకాన్‌లో డాసన్ సిటీకి తూర్పున సుమారు 40 కి.మీ. దూరంలో, క్లాండైక్ హైవే నుంచి చీలుతుంది. అక్కడి నుంచి నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లోని ఇనువిక్ దాకా దాదాపు 740 కి.మీ. కంకర రోడ్డు. 1959లో పని మొదలైంది, 1979 ఆగస్టులో లాంఛనంగా తెరిచారు. ఇనువిక్ నుంచి ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న టక్‌టొయాక్‌టక్ దాకా ఇంకో 140 కి.మీ. రోడ్డు 2017 నవంబరులో తెరుచుకుంది. అందరూ దాన్ని టక్ అనే అంటారు, మేమూ ఇక్కడ అలాగే అంటాం.

డాసన్ నుంచి టక్‌కి 900 కి.మీ. పైనే. వేరే దారి లేదు, కాబట్టి తిరుగు ప్రయాణమూ ఇదే రోడ్డు మీద. అంటే వెళ్లేటప్పుడు దెబ్బతిన్న టైరుతో ఇంకా అంత దూరం వెనక్కి రావాలి. సగం తప్పులు ఈ లెక్క మర్చిపోవడం వల్లే జరుగుతాయి.

ఏ నెలలో వెళ్లాలి?

జూన్ నడిమి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా. జూన్ మొదట్లో నదుల్లో మంచు కరిగి ఫెర్రీలు అప్పుడప్పుడే మొదలవుతాయి, ఏ తేదీన మొదలవుతాయో నది ఇష్టం. జూన్, జూలైల్లో దోమలు ఎక్కువ, చీకటి ఉండదు. ఇనువిక్‌లో మే చివర నుంచి జూలై మూడో వారం దాకా సూర్యుడు అస్తమించడు. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట టండ్రా మొత్తం ఎర్రబడుతుంది, దోమలు తగ్గుతాయి, రాత్రి ఆకాశంలో ఉత్తర ధ్రువ కాంతులు కనిపించే అవకాశం మొదలవుతుంది. మమ్మల్ని అడిగితే ఆగస్టు చివరి పది రోజులే. కానీ ఆ రోజుల్లో కనుమల మీద మంచు పడవచ్చని తెలిసే బయల్దేరాలి.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

డాసన్ నుంచి ఇనువిక్‌కి ఆగకుండా నడిపితే 12 నుంచి 16 గంటలు. అలా నడపొద్దు. వెళ్లడానికి రెండు రోజులు, ఇనువిక్, టక్‌లకు రెండు రోజులు, రావడానికి రెండు రోజులు, వాన వల్లో ఫెర్రీ వల్లో ఇరుక్కుపోతే రెండు రోజులు. మొత్తం ఎనిమిది. చివరి రెండు రోజులు వాడకపోతే డాసన్‌లో విశ్రాంతి. తిరుగు విమానానికి ఒక్క రోజు ముందు డాసన్ చేరేలా లెక్క వేసుకున్నవాళ్లే నదికి ఇవతలి ఒడ్డున కూర్చుని గోళ్లు కొరుక్కుంటారు. డాసన్ నుంచి వైట్‌హార్స్‌కి మరో 530 కి.మీ. ఉందన్నది కూడా లెక్కలో ఉండాలి.

ఒక కాన్వాయ్‌లో ఎన్ని బండ్లు ఉండొచ్చు?

నాలుగు బావుంటాయి, ఆరు దాటొద్దు. ఆరు దాటితే ఫెర్రీలో అందరికీ ఒకేసారి చోటు దొరకదు, ఒక్కొక్కరూ ఆగి ఫొటో తీసుకునేసరికి రోజు అయిపోతుంది. రెండే ఉంటే మాత్రం ఒకటి చెడిపోయినప్పుడు రెండోది సాయానికి వెళ్లాలా, తోడుండాలా అన్న ఇబ్బంది వస్తుంది. మూడు ఉంటే ఒకటి వెళ్తుంది, ఒకటి ఉంటుంది.

అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే బండిని ముందు నుంచి రెండో స్థానంలో పెట్టండి. చివర పెడితే ప్రతి ఎత్తులోనూ వెనకబడుతుంది. చివరి బండికి అనుభవం ఉన్న డ్రైవరు, పూర్తి పనిముట్లు, మంచి జాకీ ఉండాలి, ఎందుకంటే ముందు ఎవరి బండి ఆగినా చివరివాళ్లు దాన్ని దాటే పోవాలి.

బండికీ బండికీ మధ్య ఎంత దూరం?

పొడి రోజున కనీసం ఒక కిలోమీటరు. వినడానికి ఎక్కువగా ఉంటుంది, కానీ ముందు బండి లేపిన దుమ్ము గాలి లేని రోజున నిమిషాల తరబడి అలాగే వేలాడుతుంది. ఆ దుమ్ములో నడిపితే ఎదురొచ్చే లారీ హెడ్‌లైట్లు మీద పడేదాకా కనిపించవు, ఎయిర్ ఫిల్టరు ఒక్క రోజులో మూసుకుపోతుంది, రాళ్లు అద్దానికి తగులుతాయి. తడి రోజున 300 మీటర్లు చాలు.

ఇంకో కారణం కూడా ఉంది. వెనక నుంచి సరుకు లారీ వస్తే అది మిమ్మల్ని ఒక్కొక్కరినే దాటుకుంటూ పోవాలి. బండ్లు అంటుకుని నడిస్తే లారీకి మధ్యలో దూరడానికి చోటుండదు, ఆరింటినీ ఒకేసారి దాటడానికి చూస్తుంది. ఇనువిక్ దుకాణాల్లోకి సరుకు వచ్చేది ఈ రోడ్డు మీదే, లారీవాళ్లకిది రోజూ చేసే పని. వాళ్లకి దారి ఇవ్వడం మర్యాద కోసమే కాదు, మీ అద్దం కోసం కూడా.

అంత దూరం ఉంటే వెనక బండి ఆగిపోయినట్టు ఎలా తెలుస్తుంది?

దీనికి ఒకే నియమం: వెనక బండి బాధ్యత ముందు బండిది. ముందు ఎవరున్నారో వెతుక్కుంటూ పరిగెత్తొద్దు, అద్దంలో వెనక దుమ్ము చూస్తూ నడపండి. ఐదు నిమిషాలు వెనక దుమ్ము గానీ లైట్లు గానీ కనబడకపోతే వేగం తగ్గించి రేడియోలో పిలవండి. జవాబు రాకపోతే దూరం నుంచి కనిపించే తిన్నని చోట ఆగండి. మీరు ఆగితే మీ ముందువాళ్లకి మీ దుమ్ము కనబడదు, వాళ్లూ ఆగుతారు. ఇలా వార్త ముందు బండి దాకా దానంతటదే చేరుతుంది. పది నిమిషాలు చూసి, ఆగినవాళ్లలో అందరికన్నా వెనక ఉన్న బండి ఒక్కటే వెనక్కి తిరగాలి. అందరూ తిరగొద్దు.

ఇది దారి తప్పే రోడ్డు కాదు, ఉన్నదే ఒక్క రోడ్డు. ఇక్కడ కాన్వాయ్‌కి జరిగే నష్టం దారి తప్పడం కాదు, ఒక బండి 40 కి.మీ. వెనక పంక్చరుతో కూర్చుందని మిగతావాళ్లకి భోజనాల వేళ దాకా తెలియకపోవడం.

లారీ ఎదురైతే ఏం చేయాలి?

హెడ్‌లైట్లు పగలు కూడా ఎప్పుడూ వెలిగే ఉండాలి. లారీ కనబడగానే వేగం 30కి తగ్గించి కుడి పక్కకి జరగండి, కానీ అంచు మీదకి కాదు. ఈ రోడ్డు నేల మీద వేసింది కాదు, శాశ్వతంగా గడ్డకట్టిన నేల కరగకుండా ఒకటి నుంచి రెండున్నర మీటర్ల మందాన కంకర పోసి, ఆ గట్టు మీద వేసింది. అంచులు మెత్తగా ఉంటాయి. అటు పక్క చక్రం దిగిందంటే గట్టు బండిని లోపలికి లాగేస్తుంది. లాగడం మొదలైతే స్టీరింగు గట్టిగా తిప్పొద్దు, యాక్సిలరేటరు మీద కాలు తీసి మెల్లగా పైకి తెచ్చుకోండి.

ఫొటో కోసం ఆగితే మలుపుల్లో, ఎత్తు శిఖరం మీద ఆగొద్దు. రోడ్డు ఉన్నట్టుండి వెడల్పుగా, తిన్నగా కనిపించే చోట్లు కొన్ని ఉంటాయి. అబ్బ, ఎంత బాగుందో అని అక్కడ ఆగొద్దు, అవి అత్యవసరంగా విమానాలు దిగే చోట్లు, బోర్డు కూడా ఉంటుంది.

ఏ రేడియో తీసుకెళ్లాలి?

బండికి బిగించే సీబీ రేడియో, నాలుగు వాట్లది, కెనడాలో లైసెన్సు అక్కర్లేదు. తిన్నని నేల మీద కొన్ని కిలోమీటర్లు పలుకుతుంది, కొండ అడ్డమొస్తే పలకదు. చేతిలో పట్టుకునే ఎఫ్‌ఆర్‌ఎస్, జీఎంఆర్‌ఎస్ రేడియోలకీ లైసెన్సు అక్కర్లేదు. అయితే బండి లోపల కూర్చుని మాట్లాడితే కిలోమీటరు, రెండు కిలోమీటర్లకి మించి ఆశించొద్దు. వీహెచ్‌ఎఫ్ రేడియో బాగా అందుతుంది గానీ దానికి లైసెన్సు కావాలి. యాంటెన్నా పైకప్పు మధ్యలో ఉంటే మంచిది. బంపరుకు బిగించిన యాంటెన్నా రాళ్లకే పనికొస్తుంది.

మొబైల్ సిగ్నల్ డాసన్ వదిలాక ఫోర్ట్ మెక్‌ఫర్సన్ దాకా ఉండదు అనుకుని బయల్దేరండి.

పెట్రోలు ఎక్కడెక్కడ దొరుకుతుంది?

డాసన్, ఈగిల్ ప్లెయిన్స్, ఫోర్ట్ మెక్‌ఫర్సన్, ఇనువిక్, టక్. ఇంతే. అన్నిటికన్నా పొడవైన దూరం మొదటిదే. డాసన్ నుంచి కూడలి 40, అక్కడి నుంచి ఈగిల్ ప్లెయిన్స్ 369, మొత్తం 409 కి.మీ. తారు రోడ్డు మీద 100 కి.మీ.కి 12 లీటర్లు తాగే బండి ఇక్కడ సామానుతో, కంకర మీద, ఎదురుగాలిలో 15 దాకా తాగుతుంది. అంటే 61 లీటర్లు. మీ ట్యాంకు 70 అయితే మిగిలేది 9 లీటర్లు. అందుకే ప్రతి బండికీ 20 లీటర్ల క్యాను ఒకటి. కూడలి దగ్గర దొరుకుతుందని ఆశ పెట్టుకోకుండా డాసన్‌లోనే నింపండి.

ఈగిల్ ప్లెయిన్స్ నుంచి ఫోర్ట్ మెక్‌ఫర్సన్ సుమారు 180 కి.మీ., అక్కడి నుంచి ఇనువిక్ ఇంకో 190 కి.మీ. దాకా. దూరం తక్కువే కదా అని ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌లో నింపకుండా పోయేవాళ్లుంటారు. మెకెంజీ నది ఫెర్రీ ఆగిపోతే అక్కడి నుంచి వెనక్కి రావాల్సింది వాళ్లే. బంకు కనబడితే నింపండి, అది సగం ట్యాంకైనా సరే. బంకులు రాత్రంతా తెరిచి ఉండవన్నది కూడా గుర్తుంచుకోండి.

టైర్ల సంగతేంటి? మామూలు కారు టైర్లు సరిపోవా?

సరిపోయిన రోజులు ఉంటాయి. కానీ ఈ రోడ్డు మీద కొన్ని చోట్ల పోసేది పలకరాయి. గ్రేడరు యంత్రం కొత్తగా చదును చేసి వెళ్లాక ఆ రాయి ముక్కలు మొనదేలి పైకి నిలబడి ఉంటాయి, గొడ్డలి అంచులాగా. మామూలు కారు టైరు పక్క గోడ పలచగా ఉంటుంది, దాన్ని కోసేస్తాయి. ట్రెడ్‌లో పడిన బొక్క పూడుస్తారు, పక్క గోడ కోసుకుపోతే ఆ టైరు పని అయిపోయినట్టే.

కావలసింది పది ప్లై, అంటే లోడ్ రేంజ్ "E" రకం ఎల్టీ (తేలికపాటి ట్రక్కు) టైర్లు. ట్రెడ్ కొత్తగా లేకపోయినా కనీసం సగం పైన ఉండాలి. స్టెప్నీలు పూర్తి సైజువి రెండు. డిక్కీలో ఉండే సన్న స్టెప్నీ ఇక్కడ లెక్కలోకి రాదు. కాన్వాయ్‌లో రెండు బండ్లకైనా ఒకే సైజు టైర్లు, ఒకే బోల్టు కొలత ఉంటే స్టెప్నీలు ఒకరివి ఒకరికి పనికొస్తాయి.

గాలి విషయంలో రెండు వాదనలు వింటారు. మా లెక్క ఇది: తారు రోడ్డు మీద 55 పీఎస్‌ఐ పెట్టే ఎల్టీ టైరులో కంకర మీద 42 నుంచి 45. నిండా గాలి ఉన్న టైరు బిగుసుకుని రాయి మొనని లోపలికి తీసుకుంటుంది, కాస్త తగ్గిస్తే రాయి చుట్టూ వంగి పోతుంది. మరీ తగ్గిస్తే పక్క గోడ ఉబ్బి రాళ్లకి అందుతుంది, వేగంలో వేడెక్కుతుంది. బరువు ఎక్కువగా వేసుకుంటే టైరు కంపెనీ బరువుల పట్టిక చూసే తగ్గించండి. గాలి తగ్గించాక వేగం 70 దాటొద్దు. గాలిపంపు, మీటరు ప్రతి బండికీ ఉండాల్సిందే.

పంక్చర్ అయితే వరస ఏమిటి?

ముందు తిన్నగా, గట్టిగా ఉన్న చోటు చూసి ఆగండి. అందుకోసం 200 మీటర్లు మెల్లగా దొర్లించినా ఫరవాలేదు, మలుపులో మాత్రం ఆగొద్దు. చివరి బండి 150 మీటర్లు వెనక నాలుగు లైట్లూ వెలిగించి నిలబడాలి.

రాయి గుచ్చుకుని ఇంకా అలాగే ఉంటే పీకేయకండి. గాలి మెల్లగా పోతుంటే పంక్చరు కిట్‌లోని స్ట్రిప్పు (బొక్కలో దూర్చే రబ్బరు పట్టీ), దాన్ని తోసే సూది సిద్ధం చేసుకున్నాకే పీకండి. సబ్బు నీళ్లు చల్లితే బుడగలు వచ్చే చోటు తెలుస్తుంది. బొక్కని కిట్‌లోని ఆకురాయితో నాలుగైదు సార్లు గీరి, జిగురు పూసిన స్ట్రిప్పుని సగం పైగా లోపలికి తోసి, సూదిని చివాలున లాగండి. పలకరాయి చేసే బొక్క గుండ్రంగా ఉండదు, చీలికలా ఉంటుంది, ఒక్క స్ట్రిప్పు చాలదు. రెండు, మూడు పక్కపక్కన పెట్టాలి. అందుకే కిట్‌లో కనీసం 20 స్ట్రిప్పులు.

చక్రం మార్చాల్సి వస్తే ముందే నట్లు సగం తిప్పి వదులు చేయండి, ఆ తర్వాత జాకీ ఎత్తండి. జాకీ కింద 30 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్క పెట్టండి, మందం 2 సెంటీమీటర్లు ఉండాలి. అది లేకుండా ఎత్తితే జాకీ కంకరలోకి దిగుతుంది, బండి లేవదు. బండి ఎత్తు పెంచి ఉంటే కంపెనీ ఇచ్చిన జాకీ అందుతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. మార్చాక 80 కి.మీ. నడిపి నట్లు మళ్లీ బిగించండి. ఇది చాలామంది వదిలేస్తారు. కంకర మీద కుదుపులకి నట్లు వదులవుతాయి, వదులైన నట్టు స్టడ్‌ని తినేస్తుంది. అప్పుడు పంక్చర్ కాదు, చక్రమే పోతుంది.

ఇంకా ఏమేం తీసుకెళ్లాలి?

ఒక్కో బండికి: టో తాడు, రెండు షాకిల్స్ (తాడు తగిలించే ఇనుప కొక్కేలు), పార, పది లీటర్ల తాగునీళ్లు, మూడు రోజులకి సరిపడా అదనపు తిండి, వెచ్చని బట్టలు, దోమల వల, ఎయిర్ ఫిల్టరు, ఫ్యూజులు, ఇంజను ఆయిలు రెండు లీటర్లు, కూలెంటు, వైపర్ నీళ్లు నాలుగు లీటర్లు, పారదర్శక టేపు.

టేపు ఎందుకంటే, రాయి తగిలి అద్దానికి చిన్న చుక్క పడగానే దాని మీద అంటించాలి. దుమ్ము, నీళ్లు లోపలికి పోకపోతే తర్వాత అద్దాలవాళ్లు అది కనబడకుండా పూడుస్తారు. వదిలేస్తే రాత్రి చలికి చుక్క గీత అవుతుంది, గీత అద్దం అడ్డంగా పాకుతుంది.

తిండి మీద ఒక మాట. 1910-11 చలికాలంలో ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కి బయల్దేరిన మౌంటెడ్ పోలీసు దళం త్వరగా పోవచ్చని తక్కువ సామాను వేసుకుని వెళ్లింది. దారి దొరకలేదు, వెనక్కి తిరిగి వస్తూ నలుగురూ చనిపోయారు. 1911 మార్చిలో వాళ్ల శవాలు వెతికి తెచ్చిన డెంప్‌స్టర్ పేరే ఈ రోడ్డుకి పెట్టారు.

వాన పడితే నడపొచ్చా?

మెల్లగా నడపొచ్చు. దుమ్ము అణచడానికి రోడ్డు మీద కాల్షియం క్లోరైడు చల్లుతారు. అది పొడిగా ఉన్నప్పుడు రోడ్డుని గట్టిగా పట్టి ఉంచుతుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. వేగం 40కి దించండి, బ్రేకు బదులు గేరుతో తగ్గించండి. జోరు వాన తర్వాత రోడ్డు కోసుకుపోయి రోజుల తరబడి మూసేసిన సందర్భాలు ఉన్నాయి. అడవి మంటల పొగకీ మూసేస్తారు. బయల్దేరే ముందు, ఈగిల్ ప్లెయిన్స్‌లో, యూకాన్ 511, డ్రైవ్ ఎన్‌డబ్ల్యూటీ అనే రోడ్డు సమాచార సేవలు చూసుకోండి. మూసిన గేటు దగ్గర బతిమాలొద్దు.

వాన తర్వాత మా బండి 60 దాటితే గడగడ వణుకుతోంది. ఏం విరిగింది?

దాదాపు ఎప్పుడూ ఏదీ విరిగి ఉండదు. బురద చక్రం లోపలి అంచుకి పట్టి, ఎండి సిమెంటులా గట్టిపడి ఉంటుంది. అరచేతి మందం పెళ్ల ఒక పక్కే ఉంటే చక్రం బ్యాలెన్సు పోతుంది. స్టెప్నీ మార్చినా వణుకు పోలేదని కంగారు పడతారు, ఎందుకంటే పెళ్ల పక్క చక్రంలో ఉంటుంది. చెక్క ముక్కతో లోపల తట్టి, గీరి, నీళ్లు పోసి కడగండి. ఇనుప రాడ్డుతో కొట్టొద్దు, బ్రేకు పైపులు అక్కడే ఉంటాయి.

అలా చేసినా వణికితే అప్పుడు నట్లు, తర్వాత కమాను కట్టలు, షాకబ్జార్బర్ల బోల్టులు చూడండి. ట్రైలరు ఉంటే దాని కమాను కట్టలే ముందు చూడాలి.

ఆగినప్పుడల్లా వెనక లైట్లు తుడవండి. బురద పూసుకుని అవి వెలుగుతున్నట్టే ఉండదు, వెనక వచ్చే మీవాళ్లకే మీరు కనబడరు.

ఫెర్రీలు ఎలా పనిచేస్తాయి?

రెండు నదులు: ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కి ముందు పీల్, సిగెచిక్ దగ్గర మెకెంజీ. రెండూ ఉచితం, ముందుగా బుక్ చేసుకోవడం లేదు, వరసలో నిలబడితే వస్తుంది. రాత్రంతా నడవవు. ఒడ్డున దిగే దారి మట్టి కట్ట, నది ఎక్కితే దాన్ని మళ్లీ కట్టాలి, అప్పుడు గంటలో, రోజో ఆగాలి. నదిలో నీళ్లు మరీ ఎక్కువైనా, కొట్టుకొచ్చే దుంగలు ఎక్కువైనా, మరీ తక్కువైనా ఆపేస్తారు.

ఫెర్రీ మీదకి ఎక్కేటప్పుడు రేకు తలుపు, మట్టి కట్ట కలిసే చోట మెట్టులా ఉంటుంది. పొడుగు ట్రైలరు తోక అక్కడ రాసుకుంటుంది, మెల్లగా, కాస్త ఏటవాలుగా ఎక్కించండి. సిబ్బంది చెయ్యి చూపించిన చోటే ఆపండి, హ్యాండ్‌బ్రేకు వేయండి. కాన్వాయ్ రెండు ట్రిప్పులుగా విడిపోతే ముందు దాటినవాళ్లు అవతలి ఒడ్డున దారికి అడ్డం లేకుండా ఆగాలి, ఊళ్లోకి వెళ్లిపోకూడదు.

అద్దె బండితో వెళ్లొచ్చా?

చాలా అద్దె ఒప్పందాలు కంకర రోడ్లని, కొన్ని ఈ రోడ్డుని పేరు పెట్టి మరీ నిషేధిస్తాయి. ఒప్పందం మొత్తం చదవండి. నిషేధం ఉండి కూడా తీసుకెళ్తే బీమా చెల్లదు, ఇక్కడి నుంచి బండిని లాగించుకోవడానికి అయ్యేది వేల డాలర్లు. డెంప్‌స్టర్‌కే అని ఇచ్చే బండ్లు వైట్‌హార్స్‌లో దొరుకుతాయి, ఖరీదు ఎక్కువే.

రాత్రి ఎక్కడ పడుకోవాలి?

ఈగిల్ ప్లెయిన్స్‌లో హోటలు ఒకటే, వేసవిలో ముందుగా గది తీసుకోకపోతే కష్టం. యూకాన్ ప్రభుత్వ క్యాంపులు టూంబ్‌స్టోన్ దగ్గర, 194వ కి.మీ. దగ్గర ఇంజినీర్ క్రీక్‌లో, 446వ కి.మీ. దగ్గర రాక్ రివర్‌లో ఉన్నాయి. రాక్ రివర్‌లో చెట్ల వల్ల గాలి తగలదు, గాలి లేని చోట దోమలుంటాయి. ఏది భరించగలరో మీరే చూసుకోండి. నీళ్లు కాచి తాగండి.

ఎలుగుబంట్ల ప్రాంతం కాబట్టి తిండి, పళ్ల పేస్టు, సబ్బు, చెత్త అన్నీ బండిలో, తలుపులు వేసి. టెంటులో బిస్కెట్టు ముక్క కూడా ఉండొద్దు. ఎలుగుల స్ప్రే నడుముకి ఉండాలి, సామాను అడుగున కాదు. అది ఎదురొచ్చే ఎలుగు ముఖం మీద కొట్టేది, దోమల మందులా ఒంటికో టెంటుకో చల్లుకునేది కాదు. విమానంలో తీసుకెళ్లనివ్వరు, వైట్‌హార్స్‌లో కొనుక్కోండి.

టక్ దాకా వెళ్లడం అవసరమా?

సముద్రం చూడాలంటే అవసరమే. మధ్యలో 140 కి.మీ.లో పెట్రోలు గానీ మరేదీ గానీ దొరకదు, తీరం దగ్గర పొగమంచు హఠాత్తుగా కమ్ముతుంది. టండ్రా మీదకి బండి దించొద్దు, చక్రం పడ్డ చోట మొక్క పోతుంది, కింద మంచు కరుగుతుంది, ఆ జాడ దశాబ్దాలు ఉండిపోతుంది. ఊరు ఇనువియాలుయిట్ ప్రజలది, ఇళ్ల ముందు ఎండబెట్టిన చేపల్ని, మనుషుల్ని అడక్కుండా ఫొటో తీయొద్దు. పింగోలు, అంటే లోపల మంచుతో పైకి ఉబ్బిన గుట్టలు, ఇక్కడే ఉన్నాయి. వాటిలో ఇబ్యూక్ 50 మీటర్లకి దగ్గర ఎత్తు, కెనడాలో అంతకన్నా ఎత్తైనది లేదు. రోడ్డు నుంచే చూడండి.

చలికాలంలో?

అది వేరే పని. నదులు గడ్డకట్టే రోజుల్లో, కరిగే రోజుల్లో వారాల తరబడి దాటడానికే ఉండదు. గడ్డకట్టాక మంచు మీదే దారి వేస్తారు. ఇంజను హీటరు, బ్యాటరీ దుప్పటి, చలికి గడ్డకట్టని డీజిల్ కావాలి. రిచర్డ్‌సన్ కొండల దగ్గర గాలికి రోడ్డు మూసేస్తారు. ఒక్కసారైనా వేసవిలో వెళ్లకుండా చలికాలంలో మొదటిసారి వెళ్తామనేవాళ్లకి వద్దనే చెబుతాం.

ఇంటి నుంచి మ్యాప్ మీద చూస్తున్నాం. చుక్క రెండు గంటలుగా కదలడం లేదు. భయపడాలా?

వద్దు. ఎక్కువమంది వాడేవి ఇరిడియం ఉపగ్రహాల ద్వారా స్థానం, సందేశాలు పంపే ఇన్‌రీచ్ లాంటి పరికరాలు. ఆ 66 ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరుగుతాయి కాబట్టి ఉత్తరాన కూడా అందుతాయి. కానీ పరికరానికి ఆకాశం కనబడాలి. ఎవరో భోజనం చేస్తూ దాన్ని సంచిలో వేశారు, బ్యాటరీ అయిపోయింది, సీటు కింద పడింది, లేదా ఫెర్రీ కోసం వరసలో ఉన్నారు. రోజూ జరిగేవి ఇవే. ఓగిల్వీ కొండల మధ్య లోయలో సందేశాలు ఆలస్యంగా, ఒకేసారి గుత్తిగా రావడమూ మామూలే.

కాన్వాయ్‌కి ఒక్క పరికరం మీదే ఆధారపడకుండా మొదటి, చివరి బండ్లలో రెండు ఉంచితే ఈ భయం సగం తగ్గుతుంది. రెండు చుక్కలు ఒకేసారి ఆగితే అది భోజనం, ఒకటి ఆగి ఇంకోటి వెనక్కి వస్తుంటే అది పంక్చరు.

చుక్కలు రోడ్డు వదిలి నదిలోంచి పోయినట్టు కనబడుతోంది!

పది నిమిషాలకోసారి స్థానం పంపితే, 60 వేగంలో రెండు చుక్కల మధ్య పది కిలోమీటర్లు. మ్యాప్ వాటిని గీతతో కలిపేస్తుంది, రోడ్డు మలుపులు దానికి తెలియవు. గీత చూడకండి, చుక్కలే చూడండి.

నిన్న 460వ కి.మీ. అన్నారు, ఇవాళ 30వ కి.మీ. అంటున్నారు. వెనక్కి వస్తున్నారా?

ముందుకే పోతున్నారు. కిలోమీటరు రాళ్లు కూడలి దగ్గర సున్నాతో మొదలై సరిహద్దు దగ్గర 465కి చేరతాయి. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో అడుగు పెట్టగానే మళ్లీ సున్నా. సందేశం పంపేవాళ్లు కి.మీ.తో పాటు ఏ వైపో కూడా రాయాలి. గడియారమూ మారుతుంది. యూకాన్ ఏడాదంతా ఒకే సమయం పాటిస్తుంది, వేసవిలో సరిహద్దు దాటితే ఒక గంట ముందుకి. రాత్రి 9కి చేరతామన్నది ఎవరి 9 అని అడగండి. సూర్యుడు అస్తమించని రోజుల్లో రాత్రి రెండింటికి ఎండలో ఫొటో వస్తే గడియారం తప్పనుకోకండి, అక్కడ అప్పుడు ఎండే.

ఎప్పుడు, ఎవరికి ఫోన్ చేయాలి?

బయల్దేరే ముందే కాన్వాయ్ ఒక కాగితం ఇచ్చి వెళ్లాలి: బండ్ల నంబర్లు, రంగులు, ఎవరు ఏ బండిలో, ప్రతి రాత్రి ఎక్కడ, ఎన్నింటికి సందేశం, ఎన్ని గంటలు దాటితే ఆలస్యం అన్నట్టు. రాత్రి సందేశం రాకపోతే మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగండి అన్నది మంచి గడువు. ముందు 511లో రోడ్డు మూసేశారేమో చూడండి, తర్వాత ఈగిల్ ప్లెయిన్స్ హోటలుకి ఫోన్ చేయండి. దారిన పోయే ప్రతి బండీ అక్కడ ఆగుతుంది. ఆ తర్వాతే పోలీసులు. కాగితంలోని వివరాలు చదివి చెప్పగలిగితే వాళ్ల పని సులువవుతుంది.

ఎస్‌ఓఎస్ బటన్ ఎప్పుడు నొక్కాలి?

ప్రాణానికో, కాలికో చేతికో ముప్పు ఉన్నప్పుడు. పంక్చరుకి, పెట్రోలు అయిపోయినందుకు కాదు, వాటికి కాన్వాయ్ ఉంది, దారిన పోయే లారీ ఉంది. ఒకసారి నొక్కితే పరికరం ఆపేయొద్దు, జాగా మారొద్దు. అవతలివాళ్లు సందేశంలో అడిగే ప్రశ్నలకి జవాబివ్వండి: ఎంతమంది, ఏ గాయం, తెలివి ఉందా, బండి కదులుతుందా. ఆస్పత్రులు రెండు చివర్లా, డాసన్‌లో ఒకటి, ఇనువిక్‌లో ఒకటి. మధ్యలో ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌లో ఆరోగ్య కేంద్రం ఉంది. ఎటు దగ్గరో రోజూ పొద్దున అందరికీ తెలిసి ఉండాలి.

తిరిగొచ్చాక బండికి ఏం చేయాలి?

డాసన్‌లోనే, ఆ రోజే కడిగించండి. కాల్షియం క్లోరైడు ఇనుముని తినేస్తుంది, పైన మెరిసేలా కడిగి కింద వదిలేస్తే లాభం లేదు. చక్రాల లోపల, ఛాసిస్, రేడియేటరు రెక్కల మధ్య నీళ్లు పెట్టాలి. రేడియేటరుకి మాత్రం ఒత్తిడి తగ్గించి కొట్టండి, రెక్కలు వంగిపోతాయి. ఎయిర్ ఫిల్టరు మార్చండి, టైర్లలో గాలి మళ్లీ 55కి పెట్టండి, నంబరు ప్లేటు ఇంకా ఉందో లేదో చూసుకోండి.